ఈ రాళ్లేమిటని పిల్లలు అడిగినప్పుడు

వాక్య భాగము: యెహోషువ 4:1-9



లోకమందలి పురాతన కట్టడములను చూచి వచ్చువారు నేడు మన సంఘములలో అనేకులు. ఐగుప్తు పిరమిడ్లు, రోమా శిథిలములు, యెరూషలేము గోడ చూచి వచ్చి ఫోటోలు చూపుదురు. అది మంచిదే. మేమైతే అంత దూరము పోలేదు. మా సంఘ పిల్లలను తీసికొని, తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని నిడుగల్లు కొండకు వెళ్లితిమి.

మూడు వైపుల ఆంధ్ర దేశము ఆవరించియున్న తాలూకా అది. సంతలో తెలుగు వినబడును, బడిలో కన్నడము చదువుదురు. కొండమీద పడిపోయిన ప్రాకారములు, గుళ్లు, 13వ శతాబ్దపు జైన బసది ఉన్నవి. ఒకప్పుడు ఇరుంగోళుడను పేరుగల చోళ రాజులు అక్కడనుండి ఏలిరి. తాము కరికాల చోళుని వంశస్థులమనియు, కావేరీ తీరమందలి ఒరయూరుకు ప్రభువులమనియు శాసనములలో చెప్పుకొనిరి. ఎంత దూరమున ఉండినను తమ మూలమైన ఊరి పేరు వారు విడువలేదు.

ఈ సంగతులు చెప్పుచుండగా ఒక చిన్నవాడు అడిగెను: "అయ్యగారూ, ఈ కోట ఎవరిదో చెప్పినారు. మరి మనోళ్లు యేసయ్యను నమ్ముకొన్నదెట్ల?" వాని తండ్రి వాని నాయనమ్మ వైపు చూచెను. ఆమె ఇంటివద్ద ఎన్నడును ఎవరును అడుగలేదనెను. మేము సిగ్గుపడితిమి.

ప్రియులారా, యొర్దాను దాటిన దినమున యెహోషువ పండ్రెండు రాళ్లను ఎందుకు ఎత్తించెను? రాబోవు కాలమున పిల్లలు వాటి సంగతేమని అడుగుదురనియు, తండ్రులు జవాబు చెప్పవలెననియు గదా! ఆ రాళ్లమీద ఎవరి పేరైనను చెక్కినట్లు వ్రాయబడలేదు. మనమైతే మందిరము కట్టి, శిలాఫలకముమీద ఎవరి పేరు ముందుండవలెనని తగవులాడుచున్నాము.

ఆ చిన్నవానికి కొండ దిగుచు ఇట్లు చెప్పితిమి: 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు ప్రక్కనున్న కొండమీద జూయెట్ దొరగారు, దొరసానిగారు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు మోకరించి ఆ ఊరి కొరకు ప్రార్థించిరి. ఐదుగురే! 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పనిలో ఒక భాగము కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అన్నము కొరకు ఎవరును బాప్తిస్మము పొందకూడదని ఆ కాలమున బాప్తిస్మములు ఆపెను. కరువు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూలి లేదు, గంజి లేదు, అయినను వచ్చిరి. అదియే మన యొర్దాను.

శిష్యులలో ఒకడు దేవాలయపు గొప్ప రాళ్లను చూపగా, అవన్నియు పడద్రోయబడునని ప్రభువు చెప్పెను (మార్కు 13:1-2). క్రీ.శ. 70లో రోమా సైన్యము ఆ ఆలయమును కాల్చెను. అక్కడనుండి దోచుకొనిన దీపస్తంభపు బొమ్మ రోమాలోని తీతు తోరణముమీద నేటికిని ఉన్నది. ఆ రోమా సామ్రాజ్యమెక్కడ? నిడుగల్లు రాజులెక్కడ? అయితే సజీవమైన రాళ్లుగా కట్టబడుచున్న ఆత్మసంబంధమైన మందిరము (1 పేతురు 2:5) నిలిచియున్నది.

కాబట్టి, పనుల కొరకు, ఉద్యోగముల కొరకు వచ్చి ఈ దేశమున స్థిరపడిన తెలుగు బాప్టిస్టు కుటుంబములారా, ఒక మనవి. ఈ ఆదివారము సాయంకాలము మీ ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి అడుగుడి. ఇంటిలో మొదట విశ్వసించినదెవరు? ఏ ఊరిలో, ఏ నీళ్లలో బాప్తిస్మము పొందిరి? దానినిబట్టి ఏమి పోగొట్టుకొనిరి? విన్నది కుటుంబ బైబిలు మొదటి పుటలో వ్రాయుడి. మీ పిల్లలకు తెలుగు చదువరాకున్న, చదివి వినిపించుడి. కోటలు వేచియుండును, ముసలివారు వేచియుండరు.

ఆ చిన్నవాని నాయనమ్మ తిరుగు ప్రయాణములో బస్సులో చెప్పనారంభించెను. మా ఊరు చేరువరకు ముగియలేదు.

మన పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పు కృప ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.