ప్రింటరుకు బొట్టు

దసరా ఆయుధపూజలో ప్రింటరుకూ కుంకుమ బొట్టు పెట్టే ఇళ్లు అమలాపురంలో ఉన్నాయి. మర్నాడే కాగితం ఇరుక్కుంటే దిష్టి తగిలిందంటారు. పూజకూ తర్కానికీ పేచీ ఉందా?

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. కారణం ఉంటే కార్యం, లేకుంటే లేదు: అన్వయ వ్యతిరేకాలంటే ఇంతే. ఇరుక్కున్న కాగితానికీ ఇదే పరీక్ష పెట్టొచ్చు. గోదావరి పాయలు గౌతమి, వసిష్ఠల నడుమనున్న అమలాపురంలో, సముద్రపు గాలికి కాగితం చెమ్మ పీలుస్తుంది. షీట్లు రెండేసి అతుక్కుపోతాయి. కొత్త కట్ట విప్పి, విదిలించి పెట్టి చూడాలి. సాఫీగా వచ్చిందా, చెమ్మే దోషి. అయినా ఇరుక్కుంటే, స్విచ్ ఆపి, రబ్బరు రోలరు మీది దుమ్మును తడిగుడ్డతో తుడవాలి.

ఇంక్‌జెట్‌ని వాడకుండా వదిలేస్తే నాజిళ్లలో సిరా ఎండి, అక్షరాల మధ్య తెల్లగీతలు పడతాయి. హెడ్ క్లీనింగ్ పదేపదే నొక్కితే సిరా దండగ (అదేమీ చవక కాదు).

పూజ కృతజ్ఞత, రోగనిర్ణయం దాని పని కాదు. బొట్టు మాత్రం మూత మీదే పెట్టాలి. ట్రేలో రాలిన కుంకుమ రోలరుకంటితే కాగితం జారి మళ్లీ ఇరుక్కుంటుంది.