పెరుగుదలకు హద్దు

1960 జనాభా లెక్కల ప్రకారం మన క్యారీలో ఉన్నవారు 3,356 మంది. 2000 నాటికి 94,536 మంది. నలభై ఏండ్లలో ఇరవై ఎనిమిది రెట్లు! బడి ఉద్యోగం విరమించినా లెక్క వేసే అలవాటు మమ్ము విడువలేదు. ఇదే వేగం కొనసాగితే 2040కి 26 లక్షలు, 2080కి 7 కోట్లు దాటవలెను. చిన్న తరగతి పిల్లలైనా ఈ జవాబు చూచి నవ్వుతారు. 2020లో నిజముగా తేలినది 1,74,721. అంతులేని పెరుగుదల అంకగణితంలోనే నిలువదు. దానిపై వాదము అనవసరం.

వాదించవలసినది మరొకటి ఉన్నది. ఒక చోటి పెరుగుదలకు మనుషులు, నీరు ఎక్కడి నుండి వస్తాయి?

మా పూర్వులు ఆ ప్రశ్నకు జవాబుగా ఓడ ఎక్కినవారే. మారిషస్‌లో చెరకు తోటలు పెరగవలసి వచ్చి, 1834 మొదలు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులను ఒప్పంద కూలీలుగా తీసుకొనిపోయారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువారికి 'కొరింగీలు' అను పేరు వచ్చింది. చక్కెర లెక్కలలో అది అభివృద్ధి. గోదావరి, విశాఖ తీరాల ఇండ్లలో ఏమి తరిగిందో తోట యజమాని ఖాతాలో వ్రాసి ఉండడు.

1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ ఆ ద్వీపాన్ని పరిశీలించి, జనాభా భారం దానిని ముంచుతుందని భయపడ్డారు. అలా జరుగలేదు. నిర్బంధం లేకుండానే కుటుంబాలు చిన్నవైనాయి. ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసిన ఆంధ్రప్రదేశ్ కూడా 2024లో ఆ నిబంధనను తొలగించింది. జనాభా మనం అనుకొన్నంత మొండిది కాదు.

కోరికలు అలా కావు. సాఫ్ట్‌వేర్ పెరుగుటకు నేల అక్కరలేదని మన యువకులు అంటారు. కొంత నిజమే. అయినా సాఫ్ట్‌వేర్ వ్రాసేవారు స్నానం చేయవలెను కదా! క్యారీకి నీరు జోర్డాన్ సరస్సు నుండి వస్తుంది. అది కేప్ ఫియర్ నదీ పరీవాహకంలోనిది. మన ఊరిలో ఎక్కువ భాగం న్యూస్ నది వైపు వాలి ఉన్నది. ఒక నది నీటిని మరొక నదికి హద్దు మీరి మళ్ళించరాదని, తీసినదానిని తిరిగి ఇవ్వమని రాష్ట్రం షరతు పెట్టింది. అందుకై శుద్ధి కేంద్రం కట్టి, 2014 నుండి శుద్ధమైన నీటిని కేప్ ఫియర్ వైపు పంపుచున్నారు. మాకు ఇది చాల గొప్ప ఏర్పాటుగా తోచింది. పెరగవద్దని ఎవరూ అనలేదు. తీసినది తిరిగి ఇమ్మన్నారు.

ఇక చాలును, క్రొత్తవారు రావద్దు అను మాట అప్పుడప్పుడు మనవారి నోటనే వినవస్తున్నది. మొన్న వచ్చినవారము ఈనాడు తలుపు మూయుట న్యాయం కాదు. కాని నదికి ఉన్న షరతు మనుషులను పంపిన ఊళ్ళకు లేదు. చదివించి, పెంచి ఇక్కడికి పంపిన ఆ ఊళ్ళలో వృద్ధులు మాత్రమే మిగిలిన ఇండ్లు ఎన్నో! వారికి మనము తిరిగి ఇవ్వవలసినది ఏ చట్టమూ చెప్పలేదు. పండుగనాడు పంపే చందాతో అది తీరుతుందని మేము అనుకోము.