సగటులో కనపడని ఆకలి

1990 నాటి నిస్సాన్ 300జెడ్‌ఎక్స్ ట్విన్ టర్బోని ఒంట్లో ఎలా ఉందని అడగడానికి ఓ పద్ధతి ఉంది. డ్రైవర్ పక్క సీట్లో కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర, కార్పెట్ కింద ఇంజన్ కంప్యూటర్ ఉంటుంది. దానికున్న చిన్న మరను స్క్రూడ్రైవర్‌తో తిప్పితే ఎర్ర లైటు మినుకుతుంది. ఐదు పొడుగు మినుకులు, ఐదు పొట్టి మినుకులు వస్తే 55 అని లెక్క. ఏ దోషమూ లేదని అర్థం. 51 వస్తే ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల కరెంటు దారిలో తేడా ఉన్నట్టు.

ఆ 55 అబద్ధమాడదు. కానీ దానికి తెలిసింది తక్కువ. ఇంజెక్టర్‌కి సంబంధించి కరెంటు దారి సరిగా ఉందా లేదా అన్నదే దానికి తెలుసు. ఇంజెక్టర్ మూతి పూడుకుపోయి చాలినంత పెట్రోలు రాకపోయినా అది 55 అనే అంటుంది. టెక్సాస్‌లో మా ఇంటి గరాజ్‌లో ఉన్న ఈ పాత కారుకి ఇంజెక్టర్ల పని నేనే చేసుకోవడానికి మొదటి కారణం ఇదే. డబ్బు మిగులుతుందన్నది తర్వాతి మాట. అంతా బాగుందన్న జవాబు వెనక ఏముందో స్వయంగా చూడాలన్న పట్టుదల నాది.

ఇది 2,960 సీసీల వి6 ఇంజన్. రెండు టర్బోలు, 300 హార్స్‌పవర్. ఆరు సిలిండర్లకి ఆరు ఇంజెక్టర్లు. ఒక్కోటి బొటనవేలంత ఉంటుంది. లోపల రాగి తీగ చుట్ట, దాని కింద సన్నటి సూది. కరెంటు రాగానే సూది లేస్తుంది, పెట్రోలు తుంపరగా చిమ్ముతుంది. కరెంటు ఆగగానే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతూ హైవే మీద తాపీగా పోతున్నప్పుడు ఒక్కో ఇంజెక్టర్ సెకనుకి 20 సార్లు, అంటే గంటకి 72,000 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. 6,000 చుట్ల వేగంలో ఒక సిలిండర్ పీల్చి, నొక్కి, మండించి, వదిలే పనంతా 20 మిల్లీసెకన్లలో అయిపోతుంది. పెట్రోలు వడ్డన ఆ లోపే పూర్తి కావాలి.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మనవాళ్లు. కార్బ్యురేటర్ కాలంలో ఆ మాట కొంతవరకు చెల్లింది. ఒకే చోట పెట్రోలూ గాలీ కలిసి అన్ని సిలిండర్లకీ పంపకమయ్యేవి. 1957లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ ఎలక్ట్రోజెక్టర్‌ని చూపించింది, అది ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పద్ధతి. 1967లో బాష్ తయారుచేసిన అలాంటి పద్ధతే డి-జెట్రానిక్ వోక్స్‌వాగన్ కార్లలో పెద్దఎత్తున వచ్చింది. అలా ప్రతి సిలిండర్‌కీ దాని వాటా దానికి వేరుగా అందడం మామూలైంది. వాటాలు వేరయ్యాక ఒక్క మెతుకు పరీక్ష పనికిరాదు. ఆరు ఇంజెక్టర్లూ ఒకే రోజు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినా, ముప్ఫై ఏళ్లు గడిచేసరికి ఏ రెండూ ఒకే తీరుగా ముసలివి కావు.

మరి తేడా ఉంటే కారు పసిగట్టలేదా? పొగ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్లు ఉన్నాయి కదా? ఉన్నాయి, కానీ మూడేసి సిలిండర్లకి ఒకటి చొప్పున. మూడింటి పొగా కలిసిపోయాక వచ్చే సగటునే అది చూస్తుంది. మూడింట్లో ఒకదానికి పెట్రోలు తక్కువైతే, మొత్తానికే తక్కువైందనుకుని కంప్యూటర్ మూడింటికీ కాస్త పెంచుతుంది. కడుపు నిండిన రెండింటికీ అదనంగా దొరుకుతుంది. ఆకలిగా ఉన్నది ఆకలిగానే ఉంటుంది. లెక్క మాత్రం సరిపోతుంది.

మామూలు ఇంజన్‌లో ఇది కొంచెం కుదుపుతోనో, మైలేజీ తగ్గడంతోనో గడిచిపోవచ్చు. టర్బో ఇంజన్‌లో అలా కాదు. బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అన్నది ప్రశాంతంగా నడిచేటప్పటి నిష్పత్తి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, టర్బోలు గాలిని కుక్కుతున్నప్పుడు కావాలనే పెట్రోలు ఎక్కువ పోస్తారు. ఆ అదనపు పెట్రోలే లోపలి వేడిని అదుపులో పెడుతుంది. అది అందని సిలిండర్‌లో మంట వేళ తప్పి పేలుతుంది. నాకింగ్ అనేది దాన్నే. పిస్టన్ అంచులు విరిగేది అక్కడే. ఇంకో సంగతి, ఆ భారం మీద పరిగెత్తేటప్పుడు కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ మాట పక్కన పెట్టి, ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పోతుంది. కష్టం లేనప్పుడు సగటు లోటుని కప్పేస్తుంది. కష్టం వచ్చినప్పుడు ఆ సగటుని కూడా అడిగేవాళ్లుండరు.

ఈ సంగతి అర్థమయ్యాక నా ఆలోచన కారు దగ్గర ఆగలేదు. ఇంటికి ఫోన్ చేసి "అందరూ బాగున్నారా?" అంటే, "ఆఁ, అందరం బాగున్నాం" అంటారు. ఇంటికి పెద్దవాళ్లు ఇచ్చే ఆ జవాబు నిజమే కావచ్చు. కానీ ఆ "అందరం"లో నలుగురు బాగుండి ఐదో మనిషి మౌనంగా ఉన్నా జవాబు మారదు. ఆఫీసుల్లో టీమ్ బాగా పనిచేస్తోందంటారు, బడిలో క్లాసు ఫలితాలు బాగున్నాయంటారు. ఒకరి లోటుని పక్కవాళ్లు తమ కష్టంతో పూడుస్తున్నంత కాలం మొత్తం చెక్కుచెదరదు. పెళ్లో, జబ్బో, అప్పో వచ్చి అందరి మీదా ఒకేసారి భారం పడిన రోజున ఆ ఒక్కరి దగ్గరే తెగుతుంది. అప్పుడు "నిన్నటిదాకా బాగానే ఉన్నారే" అని ఆశ్చర్యపోతాం. బాగోగులు చూడడమంటే ఒక్కొక్కరినీ పేరుపెట్టి, వేరుగా అడగడమే అనిపిస్తుంది నాకు.

ఇంజెక్టర్లని అలా వేరుగా అడిగే సాధనాలు చాలా మామూలువి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద పెట్టి పిడి చెవికి ఆనిస్తే, టిక్ టిక్ టిక్ అని సూది కొట్టుకోవడం వినిపిస్తుంది. మన ఊళ్లలో మెకానిక్కులు బేరింగు శబ్దం వినేదీ ఇలాగే. ఇంజన్ ఆపి మల్టీమీటర్ పెడితే తీగచుట్ట ఆరోగ్యం తెలుస్తుంది. ఈ కారుకి 10 నుంచి 14 ఓమ్‌ల మధ్య ఉండాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత ఇంజెక్టర్ల తీగచుట్టలు తట్టుకోలేవన్నది ఈ కార్లు నడిపేవాళ్ల అనుభవం. అమెరికాలో మామూలుగా దొరికే పెట్రోల్లో ఇథనాల్ 10 శాతం దాకా ఉంటుంది. ఇండియాలో 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. పాత బండ్లని ప్రాణంగా చూసుకునేవాళ్లు అక్కడా రబ్బరు గొట్టాల్నీ సీళ్లనీ ఇప్పుడు ఇంకాస్త శ్రద్ధగా చూసుకోవాలి.

విప్పేముందు చెయ్యాల్సింది ఒకటుంది. ఇంజన్ ఆగినంత మాత్రాన పెట్రోలు లైన్లో ఒత్తిడి పోదు. పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతటది ఆగిపోయేదాకా నడిపి, బ్యాటరీ నెగటివ్ తీసేశాకే గొట్టం మీద చెయ్యి వెయ్యాలి. తలుపులు బార్లా తీసుండాలి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. ఆగిన వస్తువు శాంతించినట్టేనని అనుకోకూడదు. ఆ తర్వాత ఇంజన్ పైన కూర్చున్న ప్లీనమ్, అంటే గాలిని సిలిండర్లకి పంచే పెట్టె, దించాలి. టర్బోల వేడికి ఏళ్ల తరబడి కాగి బిరుసెక్కిన గొట్టాలన్నిటికీ చీటీలు కట్టాలి. అప్పుడు ఇంజెక్టర్ మూతల స్క్రూలు కనిపిస్తాయి. చూడ్డానికి మామూలు ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి. అవి జపాన్ ప్రమాణానివి. గాడి కొలత కాస్త వేరు. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి బలం వాడితే తల అరిగిపోతుంది. వాటికి సరిపోయే డ్రైవర్ పెడితే అంత పాత స్క్రూ కూడా తేలిగ్గా కదులుతుంది.

బయటికొచ్చిన ఇంజెక్టర్లని అల్ట్రాసోనిక్ తొట్టెలో శుభ్రం చేశాక చిన్న టెస్ట్ బెంచ్ మీద బిగిస్తాను. కింద గీతలున్న గాజు గొట్టాలు ఆరు. అందులో వాడేది పెట్రోలు కాదు, తేలిగ్గా అంటుకోని పరీక్ష ద్రవం. ముందు కరెంటు ఇవ్వకుండా ఒత్తిడి మాత్రమే పెడితే ఏ మూతీ చెమ్మగిల్లకూడదు. తర్వాత అన్నిటినీ ఒకే వ్యవధి తెరిస్తే గొట్టాల్లో మట్టాలు లేస్తాయి. ఒకదాంట్లో గీత దిగువనే ఆగిపోతుంది. పక్కదాని మూతి నుంచి గొడుగులా విచ్చుకోవాల్సిన తుంపర ఒకే ధారగా కారుతుంది. కంప్యూటర్ దగ్గర ఎన్నడూ కనపడని తేడా ఇక్కడ కంటికెదురుగా నిలబడుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా విలువైన క్షణం అదే. నిజం దానంతటది వరసలో నిలబడి కనిపిస్తుంది.

ఆ పూడికకి కారణం తెలిస్తే ఇంకో ఆలోచన వస్తుంది. వేడి ఇంజన్ ఆపేశాక మూతి దగ్గర మిగిలిన పెట్రోల్లోని తేలిక భాగం ఎగిరిపోయి, గోధుమరంగు జిగురు మిగులుతుంది. రోజూ తిరిగే కారులో కొత్తగా వచ్చే పెట్రోలు దాన్ని కొంత కడుగుతూ ఉంటుంది. అపురూపమని కప్పి ఉంచిన కారులో ఆ జిగురు గట్టిపడుతుంది. ప్రేమంటే దాచుకోవడం అనుకునేవాళ్లకి ఈ కార్లు చెప్పే సమాధానం ఇది.

శుభ్రం చేసినా కొన్ని కోలుకోవు. తీగచుట్ట పాడైన ఇంజెక్టర్‌కి కొత్తది వెయ్యడమే మార్గం. మిగతావాటికి వడపోత జాలీ, ఓ-రింగులు మార్చి, రింగులకి శుభ్రమైన ఇంజన్ ఆయిల్ చుక్క రాసి కూర్చోబెట్టాలి. ప్లీనమ్ తిరిగి మూయకముందే పంపు ఆన్ చేసి, టార్చి వేసి ప్రతి అతుకునీ చూడాలి, వాసన పట్టాలి. మూసేశాక అన్నీ మళ్లీ సగటులోకి వెళ్లిపోతాయి.

పెట్రోలు కార్ల కాలం తీరిపోతోంది, ఈ విద్య ఎందుకని అడుగుతారు. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలోనూ సెల్స్ వరసలు వరసలుగా ఉంటాయి. మొత్తం ప్యాక్‌ని ఎంతవరకు వాడుకోవచ్చో అందులో అన్నిటికన్నా బలహీనమైన వరస తేలుస్తుంది. మనకి తెర మీద కనిపించేది ఒకే ఒక్క శాతం అంకె. అక్కడా సగటే. కాకపోతే ఆ మూత తీసే దారి యజమానికి ఉండడం లేదు. మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనూ, మళ్లీ 2020లోనూ కార్ల రిపేరు హక్కుకి ఓటేశారు. ఇండియాలో కేంద్ర ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అందరూ గరాజ్‌లో స్పానర్లు పట్టుకోవాలని నేననను. కానీ చూడాలనుకున్నవాడికి చూసే దారి ఉండాలి. ఇంజెక్టరైనా సెల్లయినా, దేనికి ఎంత అందుతోందో విడివిడిగా చూపించమని తయారుచేసేవాళ్లని అడిగే హక్కు మనకుంది. ఆ హక్కుని గట్టిగా అడగాలి, దొరికిన చోట వాడుకోవాలి.