ఎవరు గొప్ప అని అడగడం తప్పా?

ఇద్దరు స్త్రీలను పక్కపక్కన నిలబెట్టి ఎవరు గొప్ప అని అడిగితే మనలో చాలామందికి ఒళ్ళు మండుతుంది. మండడానికి కారణం ఉంది. పుట్టినప్పటి నుంచీ పోలికల్లోనే బతుకుతాం. అక్క రంగు, చెల్లెలి రంగు, పెద్దకోడలి కట్నం, చిన్నకోడలి పనితనం. ఆ తక్కెడలో వేసే రాళ్ళు ఎప్పుడూ మనవి కావు. అందుకే స్త్రీవాదులం పోలికను దూరం పెట్టాం. ఎవరి గొప్పతనం వాళ్ళది అనడం అలవాటు చేసుకున్నాం. ఈ మర్యాద మీద నాకు ఈమధ్య అనుమానం పెరుగుతోంది.

కామారెడ్డి బస్టాండు దగ్గర ఏ చాయ్ హోటల్ ముందైనా కాసేపు నిలబడి వినండి. కపిల్‌దేవ్ గొప్పా, ధోనీ గొప్పా అని మగవాళ్ళు గంటల తరబడి వాదించుకుంటుంటారు. ఎవరి కాలంలో పిచ్‌లు ఎలా ఉండేవి, ఎవరి పక్కన ఎంతటి బౌలర్లున్నారు, అన్నీ తవ్వి తీస్తారు. ఆ వాదన ఉత్త కాలక్షేపమే కావచ్చు. కానీ అంతసేపు వాదించాలంటే అంత జ్ఞాపకం ఉండాలి. ఆడవాళ్ళ ఆట దగ్గరికొచ్చేసరికి ‘అందరూ గొప్పోళ్ళేనమ్మా’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాటలో గౌరవం కంటే బద్ధకం ఎక్కువ.

2025 నవంబరు 2న హర్మన్‌ప్రీత్ కౌర్ జట్టు ప్రపంచ కప్పు గెలిచిన తర్వాత మా క్లాసులో ఒకటే సందడి. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక విద్యార్థిని అడిగింది: “మేడం, మిథాలీ కంటె ముందు మన హైదరాబాదోళ్ళల్ల కెప్టెన్లు ఎవరన్న ఉన్నరా? ఉంటె ఇద్దరిల ఎవరు గొప్ప?” పూర్ణిమా రావు అని చెప్పాను. క్లాసులో ఒక్కరూ ఆ పేరు వినలేదు. మిథాలీని ‘ఆడ టెండూల్కర్’ అంటారని మాత్రం అందరికీ తెలుసు. స్త్రీని పోల్చవలసి వస్తే మగవాడితో పోలుస్తాం. ఆమె కంటే ముందు ఆమె పెరిగిన సికింద్రాబాదులోనే పుట్టి, అదే ఆట ఆడి, అదే జట్టును నడిపిన స్త్రీ పక్కన ఆమెను నిలబెట్టం. 2017లో ఒక విలేకరి మీకిష్టమైన పురుష క్రికెటర్ ఎవరని మిథాలీని అడిగితే, మగ ఆటగాళ్ళను ఇలాగే అడుగుతారా అని ఆమె ఎదురడిగింది. నాకు ఆమె ఆడిన ఇన్నింగ్సులన్నిటికంటే ఆ ఎదురుప్రశ్న ఇష్టం.

సరే, లెక్కలు చూద్దాం. మిథాలీ 232 వన్డేలు ఆడింది, 7,805 పరుగులు చేసింది, 155 వన్డేల్లో నాయకత్వం వహించింది. 2005లో, 2017లో జట్టును ప్రపంచ కప్పు ఫైనల్ దాకా తీసుకెళ్ళింది. పూర్ణిమవి 5 టెస్టులు, 33 వన్డేలు. కెప్టెన్‌గా 3 టెస్టులు, 8 వన్డేలు, అదీ 1995 ఒక్క ఏడాదిలో. ఇక పోలికేముంది, అయిపోయింది కదా అనిపిస్తుంది.

అయిపోలేదు. పూర్ణిమ 1967లో పుట్టింది. 1988 ప్రపంచ కప్పుకు భారత జట్టు అసలు వెళ్ళనేలేదు. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్కేళ్ళు. దేశం తరఫున తొలి మ్యాచ్ ఆడేసరికి 1993, వయసు ఇరవై ఆరు. మిథాలీ 1999లో పదహారేళ్ళకే ఇంగ్లండులో ఐర్లండ్ మీద సెంచరీతో మొదలుపెట్టింది. ఆ పదేళ్ళ తేడాను ఏ స్కోరుబుక్కులో వెతుకుతాం? పోనీ మిథాలీకైనా అన్నీ అమిరాయా అంటే, అంత సుదీర్ఘమైన ఆటజీవితంలో ఆమె ఆడిన టెస్టులు 12. 2002లో టాంటన్‌లో 214 కొట్టిన మనిషికి పన్నెండు! 1973లో ఏర్పడిన మహిళా క్రికెట్ సంఘం 2006లో బీసీసీఐలో కలిసేదాకా ఆడపిల్లలు రిజర్వేషన్ లేని బోగీల్లో ప్రయాణించి, డార్మిటరీల్లో పడుకుని ఆడారు.

ఇక్కడ మా బీడీల లెక్క గుర్తొస్తుంది. కామారెడ్డి చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. కార్ఖానాలో లెక్క వేలల్లో. ఎన్ని చుట్టావో అన్నే పైసలు. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, కొసలు మడవడం లెక్కలోకి రావు. కానీ ఆ ఆడవాళ్ళు తమలో తాము పోల్చుకునే తీరు వేరు. “ఆమె వెయ్యి చేస్తదంటె చెయ్యదా, ఆకు కత్తిరిచ్చెతందుకు అత్త ఉన్నది, మూతులు ఒత్తెతందుకు బిడ్డ ఉన్నది. ఈమె చంటిపిల్లను పెట్టుకోని ఒక్కతే ఆరువందలు జేస్తది” అంటారు. అలాగని ఇద్దరూ సమానమనీ అనరు. ఎవరి చెయ్యి సాఫుగా నడుస్తుందో, ఎవరి బీడీలు నాసివని పక్కకు తీసేస్తారో మొహమాటం లేకుండా చెప్పేస్తారు. మన విమర్శ వ్యాసాల్లో ఇంత నిక్కచ్చి పోలిక నేను అరుదుగా చూశాను.

దూరపు ఉదాహరణ ఒకటి. న్యూజిలాండ్ మహిళల రగ్బీలో ఫారా పామర్, ఫియావో ఫామౌసిలి ఇద్దరూ కెప్టెన్లే, ఇద్దరూ ముందు వరస మధ్యలో నిలబడి భుజాలతో తోసేవాళ్ళే. పామర్ 1998, 2002, 2006లలో కప్పు గెలిపించింది. ఆమె విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు కూడా. ఫామౌసిలి నాలుగు కప్పులు గెలిచిన జట్లలో ఆడింది, అందులో 2017 కప్పు తన నాయకత్వంలోనే. మొదటి రెండూ పామర్ కింద ఆడినవి. అంటే రెండోమె గొప్పతనం కొలిచే చోట మొదటామె చెయ్యి కూడా ఉంది.

పూర్ణిమ, మిథాలీల సంగతీ అంతే. కొంతకాలం ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. తర్వాత పూర్ణిమ కోచ్, మిథాలీ కెప్టెన్. 2016 జనవరిలో ఆస్ట్రేలియా గడ్డ మీద టీ20 సిరీస్ గెలిచింది ఆ జంటే.

మరి నా తీర్పు? బ్యాటర్‌గా మిథాలీ. ఇందులో తర్జనభర్జన లేదు. కెప్టెన్‌గా మాత్రం నా మొగ్గు పూర్ణిమ వైపు. మళ్ళీ విదేశీ పర్యటన ఎప్పుడు దొరుకుతుందో తెలియని జట్టుతో వెళ్ళి, 1995లో న్యూజిలాండులో, ఆతిథ్య జట్టూ ఆస్ట్రేలియా కూడా ఉన్న శతాబ్ది టోర్నమెంట్ గెలిచి తెచ్చింది. ఎనిమిది వన్డేలే అనొచ్చు. ఇచ్చినవే ఎనిమిది.

ఎల్లారెడ్డి పిల్ల ఒప్పుకోలేదు. “పూర్ణిమ మేడం ఒక్క ఏడు నడిపిచ్చింది. మిథాలీ ఫైనల్ల ఓడిపొయ్యి, ఎవ్వరు పట్టించుకోకున్నా పన్నెండేండ్లకు మల్ల ఫైనల్‌కి తెచ్చింది గద మేడం. అట్ల ఆగుడు అల్కనా?” నా దగ్గర చప్పున జవాబు లేదు. 2017 ఏప్రిల్‌లో, ప్రపంచ కప్పుకు కొద్దినెలల ముందు, పూర్ణిమను కోచ్ పదవి నుంచి తప్పించారని చెప్పాను. జూలై 23న లార్డ్స్‌లో మూడు వికెట్లకు 191 దగ్గరున్న జట్టు 219కి కుప్పకూలి తొమ్మిది పరుగుల తేడాతో ఓడిందనీ, ఆ మ్యాచ్ టీవీలో చూస్తూ నేను బాల్కనీలో పూర్ణిమ కోసం వెతుక్కున్నాననీ చెప్పాను. “అయితె ఆమె ఉంటె గెలుద్దుమా?” అంది. బెల్లు కొట్టాక కూడా వెనక బెంచీల్లో ఆ గొడవే నడుస్తోంది. పూర్ణిమ వైపు ముగ్గురు చేరారు.