రాయి అర్థం కాదన్నారు

మన సవర పల్లెల్లో మనిషి పోయాక గువార్ చేసి ఒక రాయి పాతుతారు. దాని మీద అక్షరం ముక్క ఉండదు. అయినా ఏ రాళ్ళ గుంపు ఏ వంశానిదో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. గదబలూ కోయలూ గోండులూ కూడా పోయినవాళ్ళకు రాళ్ళు నిలబెట్టినవాళ్ళే.

అందుకే ఈ సంగతి చదివినప్పుడు నాకు కోపం కంటే ముందు నవ్వొచ్చింది. 1923లో గగ్గిస్‌బర్గ్ అనే ఆయన పశ్చిమ ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌కు, అంటే ఇప్పటి ఘనాకు, బ్రిటిష్ గవర్నరు. యుద్ధంలో చనిపోయిన అక్కడి సైనికులకు సమాధిరాళ్ళు పెట్టాలా అన్న మాట వచ్చింది. ఇక్కడి మామూలు మనిషికి సమాధిరాయి అర్థం కాదు, దాని విలువా తెలియదు అన్నాడాయన.

రాళ్ళు పెట్టాల్సిన సంస్థ నియమం మాత్రం చాలా మంచిది. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా 1917లో బ్రిటన్ యుద్ధ సమాధుల కమిషన్‌ను పెట్టింది. దొర కొడుకైనా కూలి కొడుకైనా ఒకే కొలత రాయి, సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తు. ఎంత డబ్బున్నా శవాన్ని ఇంటికి తీసుకుపోనివ్వలేదు. రాయి అడుగున 66 అక్షరాల్లోపు కుటుంబం తన మాట రాయించుకోవచ్చు. (అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు, అది వేరే కథ.) చావులో అందరూ సమానమన్న ఆ నియమం నాకు ఇప్పటికీ ఇష్టమే.

అయితే అది ఎవరి దాకా వచ్చి ఆగింది? తూర్పు ఆఫ్రికాలో సైన్యం సామాను మోయడానికి దాదాపు పది లక్షల మందిని పట్టుకుపోయారు. రోగాలతో, ఆకలితో సుమారు లక్షమంది పోయారు. వాళ్ళకోసం నైరోబీలో కంచు విగ్రహాలు నిలబెట్టారు. మోతకూలీలే సైన్యానికి కాళ్ళూ చేతులూ అని, ప్రాణం పోయినా నీ కొడుకులు నీ పేరు తలుచుకుంటారని కింద చెక్కారు. చుట్టూ ఎంత వెతికినా ఒక్క పేరు లేదు. ఆ మాటలు రాసింది కిప్లింగ్. 1915లో ఫ్రాన్సులో పోయిన తన కొడుకు జాడకోసం ఏళ్ళ తరబడి వెతికిన తండ్రి ఆయన.

మన దేశం వాళ్ళకూ ఇదే జరిగింది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు ఉన్నాయి. భారతీయ సిపాయిలు మాత్రం ఫలానా దళంలో ఇంతమంది అనే అంకె. బడి రిజిస్టర్లో మాస్టారు తనకు నోరు తిరిగినట్టు పేరు మార్చి రాస్తే, ఆ పేరుతోనే పెరిగినవాళ్ళు మనలో ఉన్నారు. అంకె అయిపోవడం అంతకన్నా ఘోరం.

ఇక్కడ మన పిల్లలే ఒక ప్రశ్న అడగొచ్చు. పరాయి దేశంలో, చదవలేని అక్షరాలతో, ఎప్పుడూ చూడబోని రాయి ఉంటే ఎంత, లేకపోతే ఎంత? తేలిగ్గా కొట్టేసే ప్రశ్న కాదిది. 1917లో రాంచీ వైపు నుంచి ముండాలు, ఉరావులు, సంతాలులు, ఈశాన్య కొండల నుంచి నాగాలు, మిజోలు ఫ్రాన్సుకు కూలీలుగా వెళ్ళారు. ముండాలకు ఎముకలు సొంత ఊరి ససన్‌దిరి కింద చేరాలి. ఆ బండలే వాళ్ళకు పూర్వీకుల గుర్తూ, భూమికి సాక్ష్యమూ. ఫ్రాన్సులో ఎంత చక్కటి తెల్లరాయి పెట్టినా ఆ ఎముక ఇల్లు చేరనట్టే. రాయి ఇచ్చినప్పుడూ వాళ్ళను అడగలేదు, ఇవ్వనప్పుడూ అడగలేదు.

అయినా ఈ రెండు తప్పులూ ఒకటే అని నేను అనను. అడగకుండా పెట్టిన రాయి దగ్గరికి మనవడో మునిమనవడో ఒకరోజు వెళ్ళగలడు. రాయని పేరు దగ్గరికి ఎలా వెళ్తాడు?

2021లో ఆ కమిషనే నివేదిక ఇచ్చింది. ప్రధానంగా ఆఫ్రికా, ఆసియా వాళ్ళలో 45,000 నుంచి 54,000 మందిని అందరితో సమానంగా స్మరించలేదనీ, కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో గానీ అసలు గానీ స్మారకమే లేదనీ ఒప్పుకుంది. క్షమాపణ చెప్పారు. పేర్ల కోసం పాత కాగితాలు వెతుకుతున్నారు.

2025 జనవరిలో కేప్‌టౌన్‌లో ఒక కొత్త స్మారకం తెరిచారు. ఆయుధం పట్టకుండా బళ్ళు తోలి, సామాను మోసి చనిపోయిన దక్షిణాఫ్రికా నల్లజాతి కూలీలు 1,700 మందికి పైగా, సమాధి జాడ తెలియనివాళ్ళు. ఈసారి తెల్లరాయి పెట్టలేదు. ఆఫ్రికా అడవిలో పెరిగే ఇరోకో కర్రతో స్తంభాలు నిలబెట్టారు. ఒక్కో స్తంభం మీద ఒక్కో మనిషి పేరు, పోయిన తేదీ చెక్కారు.