రెండు వాకిళ్ల గూడు

జైన గృహస్థు పట్టే అహింసా వ్రతానికి ఐదు అతిచారాలు, అంటే వ్రతానికి మచ్చ తెచ్చే దోషాలు, ఉన్నాయని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం చెబుతుంది. కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, తిండీ నీళ్లూ ఆపడం అందులో నాలుగు. వీటన్నిటికంటే ముందు పేర్కొన్నది బంధం, అంటే కట్టివేయడం, మూసిపెట్టడం. ఆకలికి మాడ్చడం ఒక దోషం, బంధించడం మరో దోషం అని విడివిడిగా లెక్కపెట్టారంటే, కడుపు నింపినంత మాత్రాన బంధించిన దోషం తీరిపోదనే కదా. ఇంట్లో గినీ పిగ్‌లను పెంచేవారు వాటికి గూడు ఎంచుకునేటప్పుడు ఎదురయ్యే ప్రశ్న సరిగ్గా ఇదే. ఎంత పెద్ద పంజరం కొనాలన్నది దుకాణంలో తేలే లెక్క. పూర్తిగా మన చేతికి చిక్కిన ప్రాణికి మనం ఏం బాకీ పడ్డామన్నది ధర్మంలో తేలాల్సిన లెక్క. మొదటిదానికి జవాబు రెండోదాని నుంచే రావాలి.

గినీ పిగ్ దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల ప్రాంతపు జీవి. అక్కడి మనుషులు వేల ఏళ్ల కిందటే దాన్ని మచ్చిక చేశారు. అయినా వేటకు గురయ్యే జంతువు భయం దాని ఒంట్లోంచి పోలేదు. పైనుంచి నీడ పడినా, చెయ్యి దిగినా బిగుసుకుపోతుంది, లేదంటే చాటు వెతుక్కుంటూ పరుగెడుతుంది. అది ఎగబాకే జంతువు కాదు కాబట్టి అంతస్తుల పంజరం చూసేవారి కంటికి ముచ్చటేగానీ, దానికి కావాల్సింది నేల మీద చోటు. రెండింటికి కనీసం 7.5 చదరపు అడుగులు ఉండాలని, అంతకు మించితే మరీ మంచిదని జంతు సంక్షేమ సంస్థలు చెబుతున్నాయి. తీగల జల్లెడ మీద నిలబడి నిలబడి దాని అరికాళ్లు పుండ్లు పడతాయి. గాజు తొట్టెలో గాలి ఆడక, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మనకు వినిపించని హెచ్చు స్థాయి శబ్దాలు కూడా దాని చెవికి అందుతాయి, అందుకే టీవీ పక్కన గూడు పెట్టకూడదు. 18 నుంచి 24 డిగ్రీల చల్లదనంలో హాయిగా ఉండే ఆ ఒంటికి, వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఎండ పడే బాల్కనీ ప్రాణాంతకం. ఇందులో ఏదీ విలాసం కాదు. తనకు ఏం కావాలో నోరులేని ఆ ప్రాణి తన ఒంటితో చెబుతున్న మాటలివి.

శ్రావకాచారానికి, అంటే జైన గృహస్థుల నియమాలకు, వ్యాఖ్యలు రాసినవారు బంధంలోనూ తేడా చూపారు. ఆ ప్రాణి బాగోగులు చూసుకుంటూ కట్టేది సాపేక్షం, కదలనివ్వకుండా కర్కశంగా బిగించేది నిరపేక్షం. నిప్పంటుకుంటే విప్పడానికో తెంచడానికో వీలుగా ముడి వదులుగా ఉండాలని వివరించారు. పశువుల కొట్టం తెలిసినవారికే తోచే మాట అది. గినీ పిగ్‌ల సంరక్షణ తెలిసినవారు కూడా అలాంటి మాటే చెబుతారు: అవి దాక్కునే పెట్టెకు రెండు దారులుండాలి. ఒకటే దారి ఉంటే, బలమైనది అక్కడ అడ్డం నిలబడినప్పుడు బలహీనమైనది లోపల చిక్కుకుపోతుంది. రెండోది ఉంటే తప్పుకుని పోతుంది. నా వాదనంతా ఆ రెండో వాకిలి గురించే. బంధంలో ఉన్న ప్రాణికి వద్దనే వీలు మిగలాలి. తోటి జంతువు నుంచి, వెలుతురు నుంచి, చప్పుడు నుంచి, చివరికి ముద్దు చేసే మన చేతి నుంచి కూడా అది తప్పుకోగలగాలి. ఆ వీలున్నది ఇల్లు, లేనిది చెర.

పంజరంలో పుట్టినదానికి స్వేచ్ఛే తెలియదు, తెలియనిదాని లోటు దానికెలా తెలుస్తుందని కొందరు అడుగుతారు. దాక్కోవడం దానికెవరూ నేర్పలేదు. వేల ఏళ్ల మచ్చికలో పోని అవసరం ఒక తరం పంజరంలో పోదు. లోటుకు పేరు తెలియకపోయినా ఒళ్లు దాన్ని అనుభవిస్తూనే ఉంటుంది. డేగా కుక్కా రాని చోట, వేళకు ఎండుగడ్డి, మనలాగే అదీ ఒంట్లో తయారుచేసుకోలేని విటమిన్ సి అందుతున్నప్పుడు గూడు చిన్నదైతే ఏమన్నది మరో అభ్యంతరం. రక్షణ గొప్పదే, దానితో బంధ దోషం మాఫీ కాదు. మన దేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో కూడా తగిన తిండీ నీళ్లూ పెట్టకపోవడం ఒక నేరం, కదలడానికి తగిన పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో ఉంచడం వేరే నేరం. ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం: బంధమే దోషమైతే అసలు పెంచడమే మానాలి కదా? కొనబోయి, ఈ ప్రశ్న వేసుకుని వెనుదిరిగినవారిది సరైన నిర్ణయమే. కానీ ఇప్పటికే ఇళ్లల్లో ఉన్నవాటిని వీధిలో వదిలితే విడుదల చేసినట్టు కాదు, కుక్కకో ఎండకో అప్పగించినట్టు. వాటికి తిరిగి వెళ్లే అడవి లేదు. తెంచలేని ముడిని వదులు చేయడమే మనకు మిగిలిన ధర్మం.

ఆ ధర్మంలో తోడు కూడా భాగం. 2008లో అమల్లోకి వచ్చిన స్విట్జర్లాండ్ నిబంధనల ప్రకారం గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచకూడదు. మందలో బతికే జీవికి ఏకాంతం హింసేనని ఒక దేశం చట్టంలో రాసుకుంది. ఒంటరి గినీ పిగ్ మనల్ని చూడగానే కూతపెడితే ప్రేమ అనుకుంటాం. దానికి వేరే దిక్కు లేకపోవడం కూడా అందుకు కారణం కావచ్చు. తోడు, పరుగెత్తే చోటు, రెండు వాకిళ్ల చాటు ఉండి కూడా మన అడుగుల సవ్వడికి అది బయటికొస్తే, ఆ రావడంలో దాని ఇష్టం ఉంటుంది. రాకపోతే దాని ఇష్టాన్ని మన్నించాలి. అందుకే గూడు కొనేముందు గదిలో ఖాళీగా ఉన్న మూలను కాక, ఆ ప్రాణి మన నుంచి ఎంత దూరం వెళ్లగలదో కొలవాలి. ఆ దూరం దానికి ఇచ్చాకే, అది మన దగ్గరికి వచ్చిందని చెప్పుకునే హక్కు మనకుంటుంది.