మూడు వత్తులు తక్కువ

ఇరవై తొమ్మిదేళ్లుగా బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. సాయంత్రం లెక్క టాలీ కాకపోతే అక్కడి నుంచి కదలడానికి లేదు. ఈసారి ఏడు రోజులు సెలవు పెట్టి కోనసీమలో అక్క వాళ్ల ఊరొచ్చాను. సంచిలో ఒకే పుస్తకం, వినోబా భావే గీతా ప్రవచనాలు.

1932లో ధూలే జైల్లో ఆదివారం ఆదివారం తోటి ఖైదీలకు చెప్పినవవి. సానే గురూజీ రాసిపెట్టబట్టి మనదాకా వచ్చాయి. వారానికో అధ్యాయం చొప్పున 18 ఆదివారాలు పట్టింది. నేను వారంలో ముగించేద్దామనుకున్నాను. రోజుకి రెండున్నర అధ్యాయాలని లెక్క కూడా వేసుకున్నాను. తీరా మొదటి రెండు రోజులూ నిద్రకే సరిపోయాయి. తరవాత నాలుగో అధ్యాయం దగ్గర బండి ఆగింది.

కర్మ, వికర్మ, అకర్మ అని మూడు మాటలున్నాయక్కడ. వికర్మ అంటే చెయ్యకూడని పని అన్నారు శంకరులు. వినోబా వేరే దారి పట్టారు. చేతిలో పనికి లోపలి మనసు తోడవడమే వికర్మ, ఆ రెండూ కలిస్తే పనికి బరువుండదు, చేసినా చెయ్యనట్టే, అదే అకర్మ అన్నారు. నేనేమో ఏ పనీ చెయ్యకపోవడమే అకర్మ అనుకుని సెలవు పెట్టినవాణ్ణి. వరండాలో పడకకుర్చీలో ఉన్నానన్న మాటేగానీ బొటనవేలు చూపుడువేలి మీద దానంతటదే కదులుతోంది, నోట్లు లెక్కపెడుతున్నట్టు. క్షణమైనా పని చెయ్యకుండా ఎవడూ ఉండలేడని మూడో అధ్యాయంలో కృష్ణుడు ముందే హెచ్చరించాడు, నేనే గబగబా దాటేశాను.

ఎదురుగా చాప మీద అక్క. లక్షవత్తుల నోము పట్టింది. పత్తిలో గింజ తీసి, పొడుగ్గా లాగి, అరచేతిలో పేని పక్కన పెడుతుంది. వందయితే ఒక కట్ట. వెయ్యి కట్టలైతే లక్ష. కౌంటర్లో మాకూ వంద నోట్లకే ఒక ప్యాకెట్. కాకపోతే ఆవిడ చేతుల వంక చూడదు. వినోబా చెప్పిందిదే కాబోలనిపించి అడిగాను.

"అంత మనసు పెట్టి చేస్తావు కదా, బరువే తెలీదా అక్కా?"

"తెలీకపోవడమేంట్రా, నడుం పట్టేస్తుంటే! మనసంతా పొయ్యి మీద పాల దగ్గరుంది. కాస్త చూసిరా."

వెళ్లి చూశాను. అప్పటికే పొంగిపోయాయి.

వినోబాని తప్పుపట్టడం లేదు. ఉత్త మాటల మనిషి కాదాయన. 1951లో వార్ధా వైపు నుంచి హైదరాబాదు దగ్గరి శివరాంపల్లికి నడిచొచ్చి, అక్కణ్ణుంచి పల్లెల వెంట పడి, ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టారు. అప్పుడాయనకి 55 ఏళ్లు, నాకిప్పుడు అంతే. ఆ నడకలో ఆయన కాళ్లు నొప్పెట్టలేదంటే మాత్రం నమ్మను. బరువు పోవడం, నొప్పి పోవడం ఒకటి కావేమో. అక్క నడుం నొప్పి అంటుందేగానీ, ఎన్నయ్యాయని ఒక్కసారీ వెనక్కి తిరిగి చూసుకోదు. నాకు నొప్పేమీ లేదు. అయినా ఇంకెన్ని పేజీలున్నాయోనని పుస్తకం చివర తిప్పి చూస్తూనే ఉన్నాను. ఇంకో సంగతి, చెప్పడానికి సిగ్గే. ఈ ఆలోచనంతా నాకు సాగుతున్నది రోజుకి మూడుసార్లు ఆవిడ కాఫీ కలిపి చేతికిస్తుంటే.

ఏడో రోజు సాయంత్రానికీ పుస్తకం నాలుగో అధ్యాయంలోనే ఉంది. ఊరుకోలేక అక్క కట్టిన కట్ట ఒకటి విప్పి లెక్కపెట్టాను. 97. మళ్లీ పెట్టాను. 97.

"అక్కా, మూడు తక్కువ."

"తక్కువైతే నువ్వే చేసి పెట్టు."

చాప మీద కూర్చున్నాను. మూడు వత్తులకి పావుగంట పట్టింది. అక్క వాటిని దీపం దగ్గరికి తీసుకెళ్లి చూసి, ఒకటి విప్పి మళ్లీ పత్తిలో వేసింది.